కిక్కిరిసిన నగరాల్లో జీతాలు ఎక్కువ: ఆ ఘనత నగరానిదా, మనుషులదా?

వేగుచుక్క: జనసాంద్రత ఎక్కువున్న చోట అదే పనికి జీతం ఎక్కువ. దీని మీద పేచీ లేదు. పేచీ అంతా కారణం దగ్గరే. ఉద్యోగుల సాంద్రత రెట్టింపైతే ఉత్పాదకత (ఒక్కో ఉద్యోగి తీసే ఉత్పత్తి) సుమారు 6 శాతం పెరుగుతుందని ఆర్థికవేత్తలు సికోన్, హాల్ 1996లో అమెరికా లెక్కలతో చెప్పారు. ఇది సాంద్రత చలవేనా? లేక చురుకైనవాళ్లు ముందే నగరం చేరిపోవడం వల్ల అలా కనిపిస్తోందా?

గోదారిగట్టు: నా ఓటు రెండోదానికే. కోంబ్, డ్యురాంటన్, గోబియోన్ 2008లో ఫ్రాన్స్ గురించి రాసినది చూడండి. అక్కడి కార్మికుల జీతాలను ఏళ్ల తరబడి గమనిస్తే, ప్రాంతాల మధ్య తేడాలో సగం దాకా మనుషుల నైపుణ్యాల తేడాగానే తేలింది. నగరం వాళ్లను తయారు చేయలేదండీ, ఏరుకుంది.

నిశితం: గోదారిగట్టు గారూ, సగం దాకా అని మీరే అన్నారు. మరి మిగతా సగం?

స్పెయిన్ మీద దె లా రోకా, పూగా 2017లో చేసిన పని నాకు బాగా నచ్చింది. పెద్ద నగరానికి వచ్చినవాళ్లకు జీతం వెంటనే కొంత పెరుగుతుంది, ఆ తర్వాత ఏటేటా చిన్న ఊళ్లకంటే వేగంగా పెరుగుతుంది. అసలు విషయం ఏమిటంటే, వాళ్లు చిన్న ఊరికి మారినా పెద్ద నగరంలో సంపాదించిన అనుభవానికి విలువ పోదు. కేవలం ఏరుకోవడమే అయితే, మొదటి రోజే ఎక్కువ జీతం ఉండాలి కానీ ఏడాదికేడాది ఈ అదనపు పెరుగుదల ఎందుకు? అక్కడ పని నేర్చుకున్నారు కాబట్టి. ఒక కంపెనీలో కుదరకపోతే అదే నైపుణ్యం కావాల్సిన ఇంకో కంపెనీ దగ్గర్లోనే ఉంటుంది. పక్కవాళ్లు చేసే పద్ధతి చూసి మనం మారతాం. ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890లోనే ఇవన్నీ చెప్పాడు.

బెర్లిన్ సంగతి కూడా ఉంది. 1961లో నగరాన్ని తూర్పు, పశ్చిమాలుగా విడదీస్తూ గోడ కట్టాక, తూర్పు వైపు ఉండిపోయిన పాత నగర కేంద్రానికి ఆనుకుని ఉన్న పశ్చిమ భాగంలో భూముల విలువ పడిపోయింది. 1989లో గోడ కూలాక మళ్లీ కోలుకుంది. మనుషులు ఏరుకుని వచ్చి గోడ కట్టలేదు కదా! చుట్టూ ఉన్న ఉపాధి తెగిపోతే ఏమవుతుందో అక్కడ నేరుగా కనిపిస్తుంది.

చెమటచుక్క: మీరంతా సగటు గురించి మాట్లాడుతున్నారు. ఎవరి జీతం? ఆర్థికవేత్త డేవిడ్ ఆటర్ 2019లో చూపించినది ఇదీ: అమెరికాలో కాలేజీ డిగ్రీ లేనివాళ్లకు ఒకప్పుడు దట్టమైన నగరాల్లో ఉన్న అదనపు జీతం 1980 తర్వాత చాలావరకు కరిగిపోయింది. ఫ్యాక్టరీ, గుమాస్తా ఉద్యోగాలు పోయాయి, ఊడ్చే పనీ వడ్డించే పనీ మిగిలాయి. పైగా అద్దె. జీతం పెరిగిందన్న సంతోషం ఒకటో తారీఖునే ఆవిరైతే అది లాభమా?

నిశితం: డిగ్రీ లేనివాళ్ల విషయంలో మీ మాటకు ఎదురు చెప్పను. అద్దె దగ్గర మాత్రం ఒప్పుకోలేను. ఎక్కడైనా ఒకే ధర పలికే సరుకు తయారు చేసే కంపెనీ ఎక్కువ జీతం, ఎక్కువ అద్దె రెండూ కట్టి నిలబడుతోందంటే, అక్కడ ఉత్పత్తి ఎక్కువ వస్తోందనేగా అర్థం? అద్దె ఉత్పాదకతకు సాక్ష్యమే అవుతుంది.

చెమటచుక్క: ఉత్పాదకతకు సాక్ష్యమే, కాదనను. కానీ ఆ పెరిగిన సొమ్ము పోయేది ఇంటి యజమానికి. ఇళ్లు కట్టనివ్వకుండా జనాన్ని మాత్రం రానిస్తే, సాంద్రత తెచ్చిన లాభం భూమి ఉన్నవాళ్లకే చేరుతుంది. అందుకే ఇళ్ల అనుమతుల సంగతి వదిలేసి జీతాల గురించి తేల్చలేమంటున్నాను.