“ఆసులో కండెలా”: ఆ కండె తిరిగేది ఎక్కడ?

“ఆసులో కండెలా తిరుగుతున్నాడు” అనే పలుకుబడిలోని కండె (నూలు చుట్టిన చిన్న గొట్టం), బట్ట నేసేటప్పుడు నాడెలో (పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే పనిముట్టులో) ఉండే కండే కదా, మధ్యలో ఆసు ఎందుకు వచ్చిందని నిన్న ఒక మిత్రుడు అడిగారు. నా అభిప్రాయంలో ఈ మాట పుట్టింది మగ్గం మీద కాదు, మగ్గం ఎక్కకముందు జరిగే పనిలో. నేతలోని కదలికనే చెప్పదలిస్తే “నాడెలో కండెలా” అనడానికి అడ్డేముంది?

పోచంపల్లి వైపు ఆసు అంటే, చిటికి కట్టి (రంగు అంటకూడని చోట్ల నూలును బిగించి కట్టి) రంగు అద్దడానికి ముందు నూలును కొలత ప్రకారం చుట్టుకునే చట్రం. ఒక పక్క ఒకే మేకు, దాని ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు ఉంటాయి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చేయి అటూ ఇటూ ఆడాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేకనే చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రాన్ని తయారుచేసి దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చట్రం మీద ఇలా నూలు చుట్టే పనిని “ఆసు పోయడం” అంటారు. అట్టు పోసినట్టు, నీళ్ళు పోసినట్టు, తెగని ధారగా నూలు సాగాలి కనుక ఆ క్రియ అక్కడ ఎంత చక్కగా కుదిరిందో గమనించండి.

ఇక్కడ హైదరాబాదులో మా ఇంటి చిన్న మగ్గం మీద ఈ ఏడాది ఒక పూర్తి చీర నేయాలని పూనుకున్నాక ఈ పలుకుబడి నాకు చేతులతో అర్థమైంది. వెడల్పు 45 అంగుళాలు, అంగుళానికి 64 పోగులు. అంటే పడుగుకు (చీర పొడవునా సాగే దారాలకు) 2,880 పోగులు. చీర పొడవుకు రవిక ముక్కనూ, మగ్గానికి కట్టడంలో పోయే కొసలనూ కలిపి ఒక్కో పోగుకు 7 మీటర్లు వేసుకుంటే, పడుగుకే 20 కిలోమీటర్లు దాటిన నూలు కావాలి. గోడకు ఆనించిన మేకుల చట్రం ముందు నిలబడి, చేతిలోని కండెను ఒక మేకు నుంచి మరో మేకుకు తిప్పుతూ, 40 పోగులకు ఒక రంగు దారం ముడి వేస్తూ 72 కట్టలు చేయాలని లెక్క వేసుకున్నాను. 31వ కట్ట దగ్గర ఫోను మోగింది. తిరిగి వచ్చి, లెక్క గుర్తుందన్న ధీమాతో సాగించాను. మర్నాడు గంజి పెట్టబోతూ సరిచూస్తే ఆ కట్టలో 39 పోగులే ఉన్నాయి. మగ్గం ఎక్కాక తెలిసి ఉంటే అంచు గీత పక్కకు జరిగిపోయేది, నేసిన దాన్ని విప్పడం తప్ప మార్గం ఉండేది కాదు.

కండె చేసే ప్రతి రాకపోకకూ ఒక లెక్క ఉంటుంది. అందువల్ల ఇంటి పనికీ ఆఫీసుకీ మధ్య క్షణం తీరిక లేకుండా తిరిగే మనిషికి ఈ పోలిక సరిగ్గా సరిపోతుంది గాని, ఏ పనీ లేక వీధులు తిరిగేవాణ్ని ఇలా వర్ణించడం నాకు తప్పుగానే తోస్తుంది. అతనికి కాలుగాలిన పిల్లి ఉండనే ఉంది.