రాచకొండ గుట్టల్లో ఒర్రె పట్టుకుని పైదాకా ఎక్కొచ్చా? బాబుకు పదమూడేళ్లు

దేవరకొండ లెక్కల సార్:

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ. బడిలో లెక్కలు చెప్తాను. దసరా సెలవుల్లో మా బాబును, మా బావమరిదిని తీసుకుని రాచకొండ పోదామనుకుంటున్నాను. కోట దర్వాజాల దారిలో రెండేళ్ల కింద ఒకసారి ఎక్కాను. అప్పుడే పక్క లోయలో గుండ్ల మధ్య నుంచి ఒక ఒర్రె, అంటే చిన్న వాగు, దిగి రావడం చూశాను. మెట్లు మెట్లుగా బండలు, అక్కడక్కడ నిలిచిన నీళ్లు, ఆ పైన గుట్ట నెత్తిన ఒక్క చెట్టు కూడా లేని గడ్డి బీడు. ఆ ఒర్రె వెంటే పైకి పోవాలని అప్పటి నుంచి మనసులో ఉంది.

చేతులతో పట్టుకుని ఎక్కాల్సిన చోట్లు ఎంత కష్టంగా ఉంటాయి? తాడు కావాలా? నీళ్లు పారుతుంటే బాగుంటుందని దసరాకే అనుకున్నాం, అది సరైన సమయమేనా? బాబు చెట్లు బాగా ఎక్కుతాడు గానీ బండలు అలవాటు లేవు. వాళ్లమ్మకు టెన్షన్‌గా ఉంది. ఎక్కినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

గుట్టకింది అక్క:

సార్, మాది ఆ గుట్టల కింది ఊరే. ఇప్పుడు హయత్‌నగర్‌లో ఉంటున్నాం గానీ పెళ్లయ్యేదాకా మా నాయన మేకల వెంట నేనూ ఆ బండల మీదే తిరిగాను. మీరు చూసింది ఏ ఒర్రెనో ఇక్కడి నుంచి చెప్పలేను, అలాంటివి చాలా ఉన్నాయి. ఏ ఒర్రెకైనా పనికొచ్చేదే చెప్తాను.

దసరాకు వద్దు. దీపావళి దాటి కార్తీకం సగమయ్యాక పోండి. ఆ గుట్టలన్నీ పరుపు బండ. చేను తాగినట్టు బండ వాన తాగదు, పడ్డది పడ్డట్టు కిందికి జారుతుంది. పైన అరగంట గట్టిగా కొడితే చాలు, కింద మీ మీద చినుకు పడకపోయినా ఒర్రె నిండుతుంది. రెండు పక్కలా గుండ్లు ఉన్న చోట నీళ్లకు దొరికితే తప్పుకునే జాగా ఉండదు. దసరా రోజుల్లో మధ్యాహ్నానికి మబ్బు పట్టి ఉరమడం మనకు మామూలే. ఆ బోడి నెత్తి మీద నిలబడ్డ మనిషే అన్నిటికంటే ఎత్తు, పిడుగుకు భయపడాలి.

ఇక బండ. రంగు చూసి కాలు పెట్టాలి సార్. బూడిద రంగులో గరుకుగా ఉండి, అరచెయ్యి ఆనిస్తే ఉప్పుగల్లుల్లాంటి పలుకులు చర్మం మీద అచ్చు పడతాయే, ఆ బండ కాలును పట్టుకుంటుంది. పై నుంచి కిందికి నల్లటి చారలు దిగిన చోట మాత్రం కాలు పెట్టకండి. అది నీళ్లు జారే దారి. ఎండాకాలం అది కూడా ఏమీ చెయ్యదు. తడి తగిలిందంటే సబ్బే. కార్తీకంలో పొద్దుటి మంచుకే తడుస్తుంది, కంటికేమో పొడిగా కనిపిస్తుంది. వేలితో తడిమి చూశాకే అడుగెయ్యండి.

మా తమ్ముడికి అదే అయింది. వాడికి అప్పుడు పన్నెండేళ్లు. ఒక దోనె, అంటే నీళ్లు నిలిచే బండ గుంట, దాని పైన ఏటవాలు బండ ముప్పావు వంతు ఎక్కేశాడు. అక్కడ చార అడ్డమొచ్చింది. పైకి పోలేడు. కిందికి చూస్తే ఎక్కడ కాలు పెట్టి వచ్చాడో కనిపించదు. బొక్కబోర్లా బండను కరుచుకుని ఏడుపు. నాయన కేకలెయ్యలేదు. పక్క నుంచి చుట్టు తిరిగి పైకి పోయి, తలకున్న రుమాలు విప్పి, ఒక చేత్తో బిల్లుడు చెట్టు మొదలు పట్టుకుని కొస కిందికి వదిలాడు. "పట్టుకోని గుంజకు, పట్టుకోని నడువు" అన్నాడు. వాడు నడిచే వచ్చాడు. మోకాలి మీద రూపాయి బిళ్లంత తోలు లేచిపోయింది, అంతే. కానీ ఆ పది నిమిషాలు నాయన కాళ్లు వణకడం నేను కింద నుంచి చూశాను. ఇన్నేళ్లయినా మరవలేదు.

తాడు సంగతి. మీ ముగ్గురిలో ఒక్కరికైనా తాడు పని సరిగ్గా తెలియకపోతే తేవద్దు. తాడుందన్న ధైర్యంతో ఎక్కకూడని చోట ఎక్కుతారు. మళ్లీ దిగగలనా అని ప్రతి బండ కింద నిలబడి ఆలోచించండి, దిగలేననిపిస్తే పక్కదారి వెతకండి. బావమరిది ముందు, బాబు మధ్యలో, మీరు వెనక. బాబుకు సరిగ్గా కింద నిలబడకండి, రాయి ఊడితే మీ మీదికే. ఒక చెయ్యో కాలో కదిపేటప్పుడు మిగతా మూడూ గట్టిగా ఆని ఉండాలి. సొరికలో కంటితో చూడకుండా చెయ్యి పెట్టొద్దు, తేళ్లుంటాయి, రక్తపింజర కూడా.

ఎటు పోవాలో తోచకపోతే మేక పెంటికల కోసం చూడండి. ఒకటి రెండు కనిపిస్తే నమ్మొద్దు, మేక ఎక్కడికైనా ఎక్కుతుంది. బాట పొడుగునా రాలి ఉంటే మంద మొత్తం పోయినట్టు, వెనక కాపరి కూడా పోయినట్టే.

పైకి చేరగానే వెనక్కి తిరిగి ఎక్కడ తేలారో చూసుకుని మూడు రాళ్లు పేర్చండి. గడ్డిలో పది అడుగులు వేస్తే అన్ని పక్కలా ఒకేలా ఉంటుంది. గడ్డి కింద నెర్రెలుంటాయి, కట్టెతో తడుముతూ నడవండి. దిగడం మాత్రం ఒర్రెలో వద్దు, దర్వాజాల దారినే దిగండి.

లొద్ది దారి:

అక్క అన్నీ చెప్పింది. నాది అచ్చంపేట, ఒక్కటే కలుపుతాను. "రాచకొండ ఎందుకు, మన్ననూరు దాటి ఏదో ఒక లొద్దిలో దిగండి" అని మీకు ఎవరైనా చెప్తే వినకండి సార్. లొద్ది అంటే మా దగ్గర లోతైన లోయ. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, అనుమతి లేకుండా అడవిలోకి దిగకూడదు. సలేశ్వరం లొద్దికి కూడా చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లోనే పంపిస్తారు. నేను నాలుగుసార్లు పోయాను. "వస్తున్నం లింగమయ్యా" అని జనం అరుస్తుంటే ఆ రాళ్లలో దిగడం వేరే లోకం. కానీ మా రాయి మీ రాయి కాదు. మీది గుండు, ఒకటే ముద్ద. మాది పొరలు పొరలుగా పలక, పట్టుకున్న అంచు చేతిలోకే ఊడొస్తుంది. బాబుకు జలపాతం చూపించాలనుకుంటే మల్లెలతీర్థం ఉంది, మెట్లున్నాయి, వాళ్లమ్మ కూడా రావచ్చు.

చౌటుప్పల్ సిస్టర్:

తేనెటీగల గురించి ఎవరూ చెప్పలేదు. ముందుకు పొడుచుకొచ్చిన పెద్ద గుండ్ల కింద నల్లగా అర్ధచంద్రంలా వేలాడేది పెద్ద పెర. అది కనిపిస్తే మాటలు ఆపి దూరంగా తప్పుకోండి. సెంటు పూసుకోవద్దు, పొగ పెట్టొద్దు. లేచాయంటే చేతులు ఊపకుండా ముఖం కప్పుకుని దూరం పోవడమే, నీళ్లలో దూకొద్దు. ముల్లు చర్మంలో ఉంటే వెంటనే గోటితో గీకి తీసెయ్యండి. ఒక్కటి కుట్టినా పెదాలు ఉబ్బి ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చెయ్యండి, ఆలస్యం చెయ్యొద్దు. ఫోన్ సిగ్నల్ ఎక్కడ పోయిందో ఎక్కేటప్పుడే గమనించుకోండి.

దేవరకొండ లెక్కల సార్:

అందరికీ కృతజ్ఞతలు. దసరాకు మానుకున్నాం. నవంబర్ చివరి ఆదివారం వెళ్లొచ్చాం.

పొద్దున ఆరుంబావుకు మొదలుపెట్టాం, మనిషికి మూడు లీటర్ల నీళ్లు. ముందు ఊళ్లో అడిగాం, ఒక పెద్దమనిషి ఒర్రె మొదలుదాకా వచ్చి చూపించాడు. చేతులు వాడాల్సిన చోట్లు నాలుగు వచ్చాయి. మొదటి రెండూ బాబు నాకంటే సులువుగా ఎక్కాడు. మూడోది ఒక దోనె మీద, నిలువెత్తుకు రెండింతలుంటుంది. నేరుగా ఎక్కితే రెండు నిమిషాల పని అనిపించింది. బావమరిది చెయ్యి వేశాడు కూడా. బాబు "మామా, చార" అన్నాడు. వేలితో తడిమితే తడి. బయటికి ఏమీ కనిపించలేదక్కా, మీరు చెప్పకపోతే ఎక్కేసేవాళ్లం.

ఎడమ పక్క పొదల్లో దారి లేదు. కుడి వైపు వెతికితే పెంటికలు, వరుసగా. వాటిని కూడా బాబే చూశాడు. రేగు ముళ్లలో పాతిక నిమిషాలు పట్టింది చుట్టు తిరగడానికి.

తొమ్మిదీ నలభైకి పైన తేలాం. ఒర్రెలో అంతసేపు ఆకాశం ఒక పట్టీలా కనిపించింది, గట్టు దాటగానే ఒక్కసారిగా అంతా తెరుచుకుంది. గాలి. బాబు ఛాతీదాకా బోధ గడ్డి. చాలాసేపు ముగ్గురం ఏమీ మాట్లాడుకోలేదు. రాళ్లు పేర్చి కోట గోడ వైపు నడిచాం. రాచకొండంటే చాలామందికి ఆ పేరుతో నడిచిన పోలీసు కమిషనరేటే గుర్తొస్తుంది. 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల రాజధాని అది. సున్నం లేకుండా రాయి మీద రాయి ఎత్తిన ఆ గోడలను ముందు దర్వాజాల వైపు నుంచే చూశాను. ఈసారి వెనక నుంచి వచ్చాం కాబట్టి గోడ పెద్ద గుండు దగ్గరికొచ్చి ఆగిపోవడం, గుండు అవతల మళ్లీ మొదలవడం కనిపించింది. మధ్యలో గుండే గోడ. బాబు దాని మీద చెయ్యి ఆనించి, అరచేతిలో పడిన అచ్చు నాకు చూపించాడు.

దర్వాజాల దారినే దిగాం. పన్నెండున్నరకల్లా కింద ఉన్నాం.

అక్కా, మీ నాయన మాట చదివాక ఒక పాత రుమాలు సంచిలో పెట్టుకున్నాను. వాడాల్సిన అవసరం రాలేదు. పైన ఎండకు బాబు తలకు చుట్టుకుని, దాన్నే పరుచుకుని గడ్డిలో పడుకున్నాడు. ఇంటికొచ్చాక వాళ్లమ్మ ఉతకడానికి తీస్తే బోధ గడ్డి వాసన. ఉతకొద్దని వాడు తన పుస్తకాల సంచిలో దాచుకున్నాడు.