శంకువు మూడో వంతే ఎందుకు? పోసి చూపిస్తే చాలా, రుజువు చెప్పాలా?

చార్టుపేపరు:
మా వాడు తొమ్మిదో తరగతి. ఒకే వ్యాసార్థం, ఒకే ఎత్తు ఉంటే శంకువు ఘనపరిమాణం స్థూపంలో మూడో వంతు అని బట్టీ పట్టాడు గానీ, "మూడో వంతే ఎందుకు, సగం ఎందుకు కాదు" అని నా మీద పడ్డాడు. సరే, చేసే చూపిద్దామని ఆదివారం కూర్చుని చార్టు పేపరుతో 5 సెం.మీ. వ్యాసార్థం, 12 సెం.మీ. ఎత్తుతో ఒక స్థూపం చుట్టి, దానికి సరిపోయేలా ఒక శంకువూ చుట్టి, సన్న ఇసుక మూడుసార్లు పోశాను. నిండలేదు. స్కేలు పెట్టి చూస్తే పైన సెంటీమీటరు పైనే ఖాళీ. వాడు నా మొహం చూసి "అయితే పుస్తకం తప్పా?" అన్నాడు. పరువు పోయింది. అందుకే అడుగుతున్నా: ఇలా పోసి చూపించడం దండగేనా? నేరుగా రుజువే చెప్పాలా? లేక ఈ వయసుకి సూత్రం వాడటం వస్తే చాలా?

రెండోబెంచీ:
సూత్రం వస్తే చాలండీ. అన్నిటికీ "ఎందుకు" పెట్టుకుంటే సిలబస్ అయిపోదు. నేను స్కూల్లో ఏ రుజువూ చూడలేదు, ఇప్పుడు ట్యాంకుల కొలతలు తీసే ఉద్యోగమే చేస్తున్నా, ఏ రోజూ ఇబ్బంది పడలేదు.

పాతలెక్కలు:
నేను పోసి చూపించే పక్షమే, చాలా ఏళ్లు క్లాసులో అదే చేశాను. తీర్పు చెప్పే ముందు ఒక సంగతి చెప్పండి. శంకువు కోసం పేపరు మీద సెక్టర్ (చుట్టడానికి కోసే వృత్తపు ముక్క) ఎంత వ్యాసార్థంతో గీశారు?

చార్టుపేపరు:
12 సెంటీమీటర్లే సార్. కోణం 150 డిగ్రీలు, అడుగు చుట్టుకొలత సరిపోవాలని లెక్క కట్టి మరీ కోశాను.

పాతలెక్కలు:
అదీ సంగతి. పేపరు మీద గీసిన 12 చుట్టాక ఏటవాలు ఎత్తు అవుతుంది, నిలువు ఎత్తు కాదు. నిలువు ఎత్తు కావాలంటే 144 లోంచి 25 తీసేయండి, 119 వస్తుంది, దాని వర్గమూలం సుమారు 10.9. అంటే మీ శంకువు స్థూపం కన్నా పొట్టిది. మూడుసార్లు పోస్తే ఇసుక సరిగ్గా 10.9 దగ్గర ఆగాలి, పైన 1.1 సెం.మీ. మిగలాలి. మీరు చూసింది అదే కదా? ఇసుక అబద్ధం చెప్పలేదు. ఈసారి సెక్టర్ 13తో గీయండి, కోణం దాదాపు 138 న్నర డిగ్రీలు. 5, 12, 13 కాబట్టి ఎత్తు కచ్చితంగా 12 వస్తుంది. పరీక్షల్లో పిల్లలు మార్కులు పోగొట్టుకునేదీ ఇక్కడే, లెక్కలో ఏటవాలు ఎత్తు ఇస్తే దాన్నే ఎత్తు అనుకుని సూత్రంలో పడేస్తారు. మీ వాడికి ఇక ఆ తప్పు రాదు.

గళ్లనోటుబుక్కు:
సార్, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, ఇదంతా నా వాదనకే బలం. ఖాళీ సెంటీమీటరు ఉంది కాబట్టి దొరికింది. అదే రెండు మిల్లీమీటర్లు ఉంటే "ఆ, పేపరు కదా" అని వదిలేసేవారు. పోయడంతో 3కీ 3.1కీ తేడా పట్టుకోలేం. ఇసుకనైతే అంచు మీద రెండుసార్లు తట్టండి, అదే కిందికి దిగుతుంది. వృత్తం ఉందిగా, మూడు కాదు, 3.14 సార్లు పట్టాలేమో అని పిల్లాడు అడిగితే ఏ ఇసుకతో తేలుస్తారు?

చూసి, ఊహించి వదిలేస్తే పెద్దవాళ్లకే తప్పింది. ఆర్యభటుడు 499లో త్రిభుజాకార పిరమిడ్ ఘనపరిమాణాన్ని అడుగు వైశాల్యం, ఎత్తుల లబ్ధంలో సగం అన్నాడు, ఆ శ్లోకానికి మామూలుగా చెప్పే అర్థం అదే. త్రిభుజం దీర్ఘచతురస్రంలో సగం కాబట్టి ఇక్కడా సగమే అనిపించి ఉండాలి, ఇది నా ఊహ. 628లో బ్రహ్మగుప్తుడు మొనదేలిన ఘనానికి మూడో వంతు అని సరిగ్గా ఇచ్చాడు. వీళ్లబ్బాయి అడిగిన "సగం ఎందుకు కాదు" అంత తేలిక ప్రశ్న కాదండీ.

పాతలెక్కలు:
ఆర్యభటుడి దాకా వెళ్లారు కాబట్టి నేనూ వెళ్తా. ఈ మూడో వంతు సంగతి మొదట చెప్పింది ప్రాచీన గ్రీకు తత్వవేత్త డెమొక్రిటస్, రుజువు లేకుండానే. రుజువు చేసింది గ్రీకు గణితవేత్త యూడాక్సస్. ఆర్కిమిడీస్ ఎరటోస్తనీస్‌కి రాసిన లేఖలో ఈ ఇద్దరినీ తలుచుకుని, రుజువు లేకుండా ముందు చెప్పినవాడికీ తక్కువేమీ కాని ఘనత దక్కాలి అంటాడు. జవాబు ముందే కొంత తెలిసి ఉంటే రుజువు దొరకడం తేలిక అని కూడా. పోయడం రుజువని నేనెప్పుడూ అనలేదు. రుజువు కోసం ఆకలి పుట్టించేది అదే అంటున్నా.

రెండోబెంచీ:
సరే, ఆకలి పుట్టింది అనుకుందాం. తొమ్మిదో తరగతి వాడికి ఏం పెడతారు? సమాకలనం చెప్తారా 😀

గళ్లనోటుబుక్కు:
అక్కర్లేదు, కూడికలు చాలు. శంకువుని ఒకే మందం ఉన్న 10 బిళ్లల మెట్లుగా ఊహించుకోండి. మొన నుంచి కిందికి వాటి వ్యాసార్థాలు 1, 2, 3... 10 వంతులు, కాబట్టి వైశాల్యాలు 1, 4, 9... 100 వంతులు. మొత్తం 385. స్థూపంలో అయితే పదికి పది బిళ్లలూ 100 చొప్పున, 1000. అంటే 0.385, ఇది శంకువు బయటికి పొడుచుకొచ్చే మెట్లతో. లోపలే ఇమిడే మెట్లతో చేస్తే 0.285. అసలు విలువ ఈ రెంటి మధ్యే ఉండాలి. 100 బిళ్లలు చేయండి, 0.338కీ 0.328కీ మధ్య ఇరుక్కుంటుంది. స్ప్రెడ్‌షీట్‌లో వెయ్యి బిళ్లలు వాడే వేసుకోగలడు. సగం అన్నది మొదటి పది బిళ్లలకే ఎగిరిపోయింది చూడండి, 0.385 దాటే అవకాశమే లేదు.

కత్తెర:
ఇంత కూడికలెందుకు? ఘనాన్ని ఒక మూల నుంచి కోస్తే అచ్చం ఒకేలాంటి మూడు పిరమిడ్లు వస్తాయి, చార్టుతో చేసి కలిపితే ఘనం అయిపోతుంది. మూడు అనేది కళ్ల ముందే ఉంటుంది.

గళ్లనోటుబుక్కు:
బావుంటుంది, కాదనను. కానీ అది చతురస్రపు అడుగున్న పిరమిడ్. అక్కడి నుంచి శంకువుకి రావాలంటే, ప్రతి ఎత్తులోనూ అడ్డకోత వైశాల్యాలు సమానమైతే ఘనపరిమాణాలూ సమానం అనే కవలియేరి సూత్రం ఒప్పుకోవాలి. ఆ సూత్రం లోపల దాక్కున్నది ఈ సన్న బిళ్లలే. శంకువు సంగతి అటుంచండి, పిరమిడ్లకే కత్తెర ఒక్కటే చాలదు. ఘనపరిమాణం సమానమైనా ఒకదాన్ని ముక్కలు చేసి రెండోదిగా అతికించలేని పిరమిడ్లు ఉన్నాయని డేన్ అనే గణితవేత్త నిరూపించాడు, 1900లో జర్మన్ గణితవేత్త హిల్బర్ట్ పెట్టిన ప్రశ్నల్లో మూడోదానికి జవాబు అది.

కత్తెర:
పేరు మార్చుకోవాలేమో నేను.

పాతలెక్కలు:
"సగం ఎందుకు కాదు"కి నేను క్లాసులో చెప్పేది ఇది. దీర్ఘచతురస్రాన్ని కర్ణం మీద రెండు త్రిభుజాలు చేసి, ఒక నిలువు అంచుని తలుపు బందులా పట్టుకుని గిర్రున తిప్పండి. లోపలి త్రిభుజం శంకువు చేస్తుంది, బయటిది మిగతా భాగం. వైశాల్యాలు సమానమే గానీ బయటిది ఎక్కువ దూరం తిరుగుతుంది. బందు దగ్గర తలుపు కదిలీ కదలనట్టు ఉంటుంది, గడియ వైపు ఎంత తిరుగుతుంది! లోపలిదాని గురుత్వ కేంద్రం బందు నుంచి వ్యాసార్థంలో మూడో వంతు దూరంలో, బయటిదానిది మూడింట రెండు వంతుల్లో ఉంటాయి. తిరిగే దూరం రెట్టింపు, కాబట్టి నింపే చోటూ రెట్టింపు. ఒకటికి రెండు, మొత్తం మూడు.

రెండోబెంచీ:
ఇది మాత్రం నాకు స్కూల్లో ఎవరైనా చెప్పి ఉంటే బావుండేది. ఒప్పుకుంటున్నా.

చార్టుపేపరు:
13తో మళ్లీ చుట్టాం. మూడోసారి పోస్తే నిండి పైన చిన్న గుట్ట కూడా మిగిలింది, పేపరు కాస్త ఉబ్బినట్టుంది. గళ్లనోటుబుక్కు గారికి ఇది సరిపోదని తెలుసు, అందుకే స్ప్రెడ్‌షీట్ కూడా వేశాం, వెయ్యి బిళ్లలకి 0.3338 వచ్చింది. తలుపు సంగతి చెప్తే వాడు లేచి వెళ్లి గది తలుపు పదిసార్లు ఊపి వచ్చాడు. ఇప్పుడు శంకువులో సగం ఎత్తు దాకా ఇసుక పోసి, నిండటానికి ఇంకా ఎన్నిసార్లు అంతే పోయాలో చెప్పమంటున్నాడు. నేను ఒకసారి అన్నాను. ఏడుసార్లట. పోసి చూపించాడు కూడా.