చెరకు తుదను పుట్టేది ఏమిటి?

కొత్త బాబాయి: మా ఇంటిపేరు చెరుకు. అన్నయ్య బిడ్డకు ‘పండు’ అని ముద్దుపేరు అనుకున్నాం. ‘చెరుకు పండు’ అని రెండుసార్లు పిలిచి చూసుకున్నామో లేదో, పెద్దనాన్న అడ్డుపడ్డారు. చెరకు చివర ఏదో పుడితే తీపంతా పోతుందని పద్యం ఉందట. ఆ ‘ఏదో’ పండేనా? ఆయనకు గుర్తు రావడం లేదు, నాకు నిద్ర పట్టడం లేదు.

శకటరేఫ: సుమతీ శతకమే. ‘చెఱకు తుద వెన్ను పుట్టిన’. పండు కాదు, వెన్ను. అది సరే, మీ ఇంటిపేరులో బండి ఱ ఏమైంది?

అరసున్న: ‘జెఱకు’ అనాలి. పై పాదం ‘జెఱచున్’ అని ద్రుతంతో, అంటే న్‌తో ముగిసింది కదా, దాని తర్వాత చ కాస్తా జ అవుతుంది!

వీధిబడి: వెన్ను అంటే వీపు అనుకునే ఇన్నేళ్లూ అప్పజెప్పాను. గడ చివర వంకర తిరుగుతుందేమోనని నా ఊహ.

తాళపత్రం: వీపు కాదండీ, వరి వెన్ను లాంటి వెన్ను. పూతకు వచ్చాక గడ ఎదుగుదల ఆగుతుంది. కొట్టకుండా వదిలేస్తే లోపల బెండు పడి చక్కెర తగ్గుతుంది. కవి చేను చూసి రాశాడు.

గసడదవ: అసలు గండం అర్థంలో లేదు, సంధిలో ఉంది. ప్రథమా విభక్తి మాట మీది పరుషానికి, అంటే క, చ, ట, త, పలకు గ, స, డ, ద, వలు వస్తే ‘చెరుకు వండు’ అవుతుంది. బిడ్డను పిలిచినట్టు ఉండదు, వంట పురమాయించినట్టు ఉంటుంది.

అరసున్న: సూత్రంలో ‘బహుళం’, అంటే ఒకచోట వచ్చి ఒకచోట రాకపోవచ్చు అన్న మాట మింగేశారు. పైగా ఇంటిపేరు, ముద్దుపేరు కలిస్తే అది ఏ సమాసమో ముందు తేల్చండి.

ఆటవెలది: సమాసం సంగతి ఎలా ఉన్నా నడక బాగుంది. చెరుకు నగణం (మూడూ లఘువులు), పండు హగణం (గురువు, లఘువు), రెండూ సూర్యగణాలే. చిన్ని, బుజ్జి, చంటి, చిట్టి, నాని... మన ముద్దుపేర్లలో ఎన్ని హగణాలో చూడండి! ఇంకొక్క సూర్యగణం తగిలిస్తే ఆటవెలది మొదటి పాదం సగం దాటినట్టే. వేమన్న మాట నాలుకను వదలకపోవడానికి ఆ నడకే కారణమని నా నమ్మకం. సుమతి కందాలు బడిలో అప్పజెప్పడానికి, వేమన ఆటవెలదులు పోట్లాటలో విసరడానికి.

శకటరేఫ: కందాన్ని అంత తేలిగ్గా తీసేయకండి. కొఱగాని, కొఱగామి, జెఱకు, జెఱకున: నాలుగు పాదాల్లోనూ ప్రాసస్థానంలో, అంటే రెండో అక్షరంగా ఱ. ర, ఱలకు ప్రాస చెల్లదన్న పాత లాక్షణికులు కూడా వేలు పెట్టలేరు. అన్నిచోట్లా సాధురేఫ, అంటే మామూలు ర వేసి అచ్చొత్తితే ప్రాస నిలుస్తుంది, పరువు పోతుంది.

తాళపత్రం: చాణక్యుడి పేరున ఒక శ్లోకం ఉంది. బంగారానికి పరిమళం, చెరకుకు పండు, చందనానికి పువ్వు బ్రహ్మ పెట్టలేదట, సలహా చెప్పేవాడు లేక. బాబాయి గారు ఆ లోటు తీర్చారు.

వీధిబడి: వెన్నుడు అంటే విష్ణువు కదా, ఆ కోణంలో ఎవరైనా...

అరసున్న: వద్దు.

కొత్త బాబాయి: పద్యం మొత్తం ఇప్పుడే దొరికింది. ‘కొరగాని కొడుకు పుట్టిన’ అని మొదలవుతోంది. మాకు పుట్టింది ఆడపిల్లండీ.

శకటరేఫ: చాలా సంతోషం. ఇంతకీ జనన ధ్రువపత్రంలో ఏ ర రాయించారు?