మోడల్ ఎ హాట్‌రాడ్: ట్యూబ్ యాక్సిల్‌కి హెయిర్‌పిన్ రాడ్లు బిగించొచ్చా, కూడదా?

కొత్త_బిల్డర్
అందరికీ నమస్కారం. ఉండేది డాలస్ పక్కన. 1929 ఫోర్డ్ మోడల్ ఎ రోడ్‌స్టర్ బాడీ కింద ఇంటి గరాజ్‌లోనే కొత్త ఫ్రేమ్ కట్టి హాట్‌రాడ్ (పాత బాడీకి బలమైన ఇంజిను పెట్టిన బండి) చెయ్యాలని ప్లాను. చెవీ 350 ఇంజిను, వెనక ఫోర్డ్ 8 అంగుళాల యాక్సిల్, చెవీ వేగా కారు స్టీరింగ్ బాక్సు. సైడ్ రెయిల్స్‌కి 2×3 అంగుళాల బాక్సు ట్యూబు, 3/16 అంగుళం మందం. ముందు అడ్డంగా ఒకే కమాన్ కట్ట, 4 అంగుళాల డ్రాప్ (బండి కిందికి దిగేలా మధ్యలో వంపు) ఉన్న ట్యూబ్ యాక్సిల్, దానికి హెయిర్‌పిన్లు.

హెయిర్‌పిన్ తెలియని వాళ్ళ కోసం: జడపిన్ను ఆకారంలో వంచిన రాడ్డు. రెండు కొసలు యాక్సిల్‌కి పైనా కిందా బిగుస్తాయి, వెనక ముక్కు ఒక్క బోల్టు మీద ఫ్రేమ్‌కి ఆడుతుంది. ట్యూబ్ యాక్సిల్‌కి ఇవి పెడితే పగుళ్ళు వస్తాయని కొందరంటారు, దశాబ్దాలుగా నడుస్తున్నాయి కదా అని కొందరంటారు. కొనేముందు తేల్చుకోవాలి.

లెక్కల_మాస్టారు
లెక్క చిన్నదే, చేసి చూడండి. హెయిర్‌పిన్ పొడవు 32 అంగుళాలు అనుకుందాం. ఎడమ చక్రం ఒక గడ్డ ఎక్కి 2 అంగుళాలు లేచింది. ఎడమ రాడ్డు తన వెనక బోల్టు చుట్టూ సుమారు 3.6 డిగ్రీలు తిరుగుతుంది. రాడ్డు యాక్సిల్‌కి రెండు చోట్ల బిగిసి ఉంది కాబట్టి యాక్సిల్ ఎడమ కొస కూడా అంతే తిరగాలి. కుడి చక్రం కదలలేదు, అక్కడ సున్నా. అంటే తడిగుడ్డ పిండినట్టు యాక్సిల్ మెలి తిరగాలి. అదే సమయంలో కుడి చక్రం ఒక అంగుళం గుంతలోకి దిగితే తేడా 5.4 డిగ్రీలు.

ఐ-బీమ్ యాక్సిల్ (అడ్డంగా కోస్తే ఐ అక్షరంలా కనిపించేది) తెరిచిన కోత కాబట్టి ఆ మెలికకి ఒప్పుకుంటుంది. గుండ్రటి ట్యూబు మూసిన కోత, మెలికకి లొంగదు. తిరగాల్సిన ఆ 3.6 డిగ్రీలు ఎక్కడో ఒకచోట పడాలి: బుష్‌ల మీదో, యాక్సిల్ దగ్గరి రెక్క బ్రాకెట్ల మీదో, ఫ్రేమ్ బ్రాకెట్ వెల్డు మీదో. ఫోర్డ్ కంపెనీ ఇచ్చిన అసలు విష్‌బోన్‌కి ఈ బాధ లేదు. రెండు కాళ్ళూ వెనక్కి వచ్చి మధ్యలో ఒకే బంతి దగ్గర కలుస్తాయి, మొత్తం యాక్సిల్ ఒకే ముక్కగా ఆ బంతి చుట్టూ ఒరుగుతుంది. దాన్ని చీల్చి రెండు రెయిల్స్‌కి విడివిడిగా కట్టినప్పుడే మెలిక పుట్టింది.

డ్యూస్32
మాస్టారు గారి లెక్క తప్పని నేను అనను, కానీ రోడ్డు మీద బండి ఆ లెక్కంత కఠినంగా ప్రవర్తించదండి. ఇది 2,200 పౌండ్ల లోపు తేలే రోడ్‌స్టర్. ముందు కదలికే పైకి రెండు, రెండున్నర అంగుళాలు. మంచి రోడ్డు మీద ఒక చక్రం ఒంటరిగా 2 అంగుళాలు లేవడం అరుదు, మామూలుగా అర అంగుళం, ముప్పావు. అప్పుడు తేడా డిగ్రీ, డిగ్రీన్నర. వెనక ముక్కు దగ్గర గట్టి హైమ్ జాయింటు (లోహపు బంతి జాయింటు) బదులు రబ్బరులాంటి యురెథేన్ బుష్ వేస్తే చాలావరకు మింగేస్తుంది.

హెయిర్‌పిన్ బదులు ఫోర్-బార్ (ఒక్కో వైపు రెండేసి విడి రాడ్లు) పెట్టమని అందరూ చెప్తారు. దానికి జాయింట్లే ఎనిమిది. నాలుగు బార్లూ ఒకే పొడవు, పైదీ కిందదీ సమాంతరం. ఒక్కటి పావు అంగుళం తేడా వచ్చినా రెండు వైపులా క్యాస్టర్ (చక్రం ఏ కింగ్‌పిన్ మీద తిరుగుతుందో అది వెనక్కి వాలే కోణం) వేరువేరుగా ఉంటుంది. పైగా రోడ్‌స్టర్‌కి ఫెండర్లు లేవు, ముందు భాగమంతా కంటికి కనిపిస్తుంది. 1929 బాడీ కింద సన్నగా వెనక్కి సాగే హెయిర్‌పిన్ గీత ఉంటేనే ఆ బండికి అందం. ఈ మాట నేను మనస్ఫూర్తిగా చెప్తున్నా, హాట్‌రాడ్‌లో చూపు కూడా ఇంజినీరింగ్‌లో భాగమే.

ఓరుగల్లు_వెల్డర్
డ్యూస్ అన్నా, అందం గురించి నీతో పేచీ లేదు. కానీ పగులు ఎట్ల వస్తదో చూడాలె. ఒక్క పెద్ద గుంతల పడితే విరగది. అర అంగుళం, ముప్పావు అంగుళం కదలిక వేలసార్లు వచ్చుడుతోనే వస్తది. బ్రాకెట్‌ని రెయిల్‌కి వెల్డు చేసిన చోట, వెల్డు అంచున ఉంటది చూడు సన్నటి గాటు, అక్కడ మొదలైతది. పెయింటు మీద వెంట్రుక లెక్క గీత, పక్కన ఎర్రటి తుప్పు పొడి. అది కనపడ్డదంటే లోపల సగం దూరం పోయినట్టే. బ్రేకు కొట్టినప్పుడు యాక్సిల్ తిరగబడే బలం మొత్తం కూడ ఆ బోల్టు మీదనే ఆగాలె, మర్చిపోవద్దు.

నా మాట: తమ్మునికి హెయిర్‌పిన్లే కావాల్నంటే ట్యూబు వదిలి ఐ-బీమ్ తీసుకో. అది కూడ ఫోర్జింగ్‌ది (కాల్చి కొట్టి చేసింది). పోత యాక్సిల్ ఐతే దాన్ని వేడి చేసి వంచుడు అసలే వద్దు. ట్యూబ్ యాక్సిలే కావాల్నంటే ఫోర్-బార్. ఈ రెండు జతలు కుదుర్తయి. ట్యూబు, హెయిర్‌పిన్ జత కుదరది.

బ్రాకెట్ ఏదైనా సరే, ఒంటి చెవికి బోల్టు వేలాడదీయకు. రెండు చెవుల మధ్యల పట్టాలె, పావు అంగుళం ప్లేటు. బోల్టు బాక్సు ట్యూబు గుండ పోయే చోట లోపల మందపాటి పైపు ముక్క స్లీవ్‌గ పెట్టి రెండు దిక్కుల వెల్డు చెయ్యాలె. లేకపోతే నట్టు బిగించినకొద్ది ట్యూబు గోడలు లోపలికి కుంగుతయి, నాలుగు రోజులకే బోల్టు లూజు. రాడ్డు కొసల్ల మర 5/8 ఐతే కనీసం ఒక అంగుళం లోపలికి దిగాలె, దాని మీద చెక్ నట్టు.

లెక్కల_మాస్టారు
రెయిల్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు. 2×3 ట్యూబు 3/16 మందంలో అడుగుకి 5.59 పౌండ్లు. 2×4 ట్యూబు 1/8 మందంలో 4.75 పౌండ్లు. తేలికైన ఈ రెండోదే నిలువు వంపుకి దాదాపు ఒకటిన్నర రెట్లు గట్టిది, ఎందుకంటే గట్టితనం ఎత్తుతో వేగంగా పెరుగుతుంది, మందంతో నెమ్మదిగా పెరుగుతుంది. 2×4 లోనే 3/16 తీసుకుంటే 2×3కి రెట్టింపు పైన గట్టితనం, బరువు 6.87. ఈ బండికి 2×4 తీసుకుని, సస్పెన్షన్ బ్రాకెట్లు కూర్చునే చోట మాత్రం అదనపు ప్లేటు వేస్తే సరిపోతుంది.

ఓరుగల్లు_వెల్డర్
దీంట్ల నేను మాస్టారుతోని సగమే కలుస్త. 1/8 గోడ మంచిగ వెల్డు చేసేటోనికి సరే. ఇంట్ల చేసేటోడు రెయిల్ కోసి, వంపు తిప్పి, అతికి, గ్రైండరుతో వెల్డు నున్నగ చేస్తడు. ఆ గ్రైండరు గోడను కూడ తింటది. 3/16 ఉంటే కొంచెం పోయినా మిగుల్తది. ఐతే 3/16కి 110 వోల్టుల చిన్న మిగ్ మిషను సరిపోదు. పైకి ముత్యాల లెక్క కనపడ్తది, కింద అతకది. 220 వోల్టులది కావాలె, 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ గ్యాసు, 0.035 వైరు.

వెనక యాక్సిల్ మీదికి రెయిల్ లేపే చోట (జెడ్ చేసుడు) నిట్టనిలువుగ కోసి అతకొద్దు. ఏటవాలుగ కొయ్యి, అంచులు చెక్కి వెల్డు చెయ్యి, పక్కన చేప ఆకారం ప్లేటు వెయ్యి. ఆ ప్లేటు కొసలు మొనదేలి ఉండాలె, రెయిల్‌కి అడ్డంగ నిలువు వెల్డు గీత రావొద్దు. మొత్తం ఒక్కసారి వెల్డు చెయ్యకు. ముందు అంతట టాకాలు (చుక్కలు చుక్కలుగ తాత్కాలిక వెల్డు), తర్వాత అంగుళం, అంగుళంన్నర, ఎదురు మూలకు పోయి ఇంకో అంగుళం. పైముఖం మీద ఎక్కువ వెల్డు పడితే అక్కడ ఇనుము ముడుచుకుని రెయిల్ కొసలు పైకి లేస్తయి. చల్లారే దాక జిగ్ (ఫ్రేమ్‌ను కదలకుండ పట్టే బల్ల) నుంచి విప్పొద్దు.

ఇంకోటి, ప్రాణం మీది మాట. ట్యూబుకు పట్టిన నూనె తుడవడానికి క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ వాడకు. దాని తడి మీద ఆర్క్ పడితే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడ్తది. అసిటోన్‌తో తుడిచి, పూర్తిగ ఆరినంక, సీసా బయట పెట్టి వెల్డు చెయ్యి.

గోదావరి_గరాజ్
ఫ్రేమ్ కట్టే ముందు నేల సంగతి చూసుకోండి. అమెరికా గరాజ్ నేల నీళ్ళు పోవడానికి తలుపు వైపు వాలుగా పోస్తారు. అడుగుకి 1/8 అంగుళం వాలున్నా 8 అడుగులకి ఒక అంగుళం. నేలనుంచి టేపు పట్టి కొలిస్తే ఫ్రేమ్ పుట్టుకతోనే వంకర. బలమైన చదరపు ట్యూబుతో బల్ల కట్టి, కాళ్ళ కింద రేకు ముక్కలు పెట్టి రసమట్టంతో నాలుగు మూలలూ సరిచెయ్యండి. మధ్యగీత దారం లాగి తూకం గుండు వేలాడదీయండి. మూలకు మూల కొలత రెండు వైపులా 1/16 అంగుళం లోపు కలవాలి. ఎక్కడ ఆగి తనిఖీ చేసినా ముందు ఈ రెండు కొలతలే.

ఇప్పుడు అందరూ తడబడే చోటు: ముందు క్రాస్‌మెంబర్ (రెండు రెయిల్స్‌ని కలిపే అడ్డ కడ్డీ) వాలు. ఇలాంటి ఒకే ముక్క యాక్సిల్‌కి క్యాస్టర్ 5 నుంచి 7 డిగ్రీలు కావాలి. అడ్డ కమాను కూర్చునే క్రాస్‌మెంబర్ కూడా అదే కోణంలో వెనక్కి వాలాలి. లేకపోతే కమాను ఒక కోణం, యాక్సిల్ ఒక కోణం అయి షాకిళ్ళు (కమాను కొసల్ని తగిలించే ఊగే లింకులు) పట్టేస్తాయి. బండి ముందుకి 2 డిగ్రీలు వంగి నిలబడాలని అనుకుంటే, రెయిల్‌తో 7 డిగ్రీలు పెట్టి వెల్డు చేసిన క్రాస్‌మెంబర్ నేలతో చూస్తే 5 డిగ్రీలే. కాబట్టి టైర్ల సైజు, ఆ ముందు వాలు ముందే తేల్చుకుని, జిగ్ మీద ఫ్రేమ్‌ని అదే వాలులో పెట్టి అప్పుడు కోణం కొలవాలి. బరువు పడ్డాక షాకిళ్ళు 45 డిగ్రీల దగ్గర ఉండాలి.

వేగా బాక్సు అంటున్నారు కాబట్టి పాన్‌హార్డ్ బార్ (యాక్సిల్ పక్కలకి జరగకుండా పట్టే రాడ్డు) తప్పదు. వేగా బాక్సు ఎడమ రెయిల్ మీద కూర్చుని, డ్రాగ్ లింక్ అనే స్టీరింగ్ రాడ్డు అడ్డంగా కుడి చక్రానికి వెళ్తుంది. షాకిళ్ళ మీద బాడీ పక్కలకి ఊగితే ఆ లింకు చక్రాన్ని తిప్పేస్తుంది, మీరు స్టీరింగ్ ముట్టుకోకపోయినా. పాన్‌హార్డ్ బార్ ఫ్రేమ్ కొస ఎడమ పక్కే, యాక్సిల్ కొస కుడి పక్క. పొడవు డ్రాగ్ లింక్‌కి వీలైనంత సమానం, రెండూ సమాంతరం. ఎదురు వైపు కడితే ఉన్న జబ్బు రెట్టింపవుతుంది. టో-ఇన్ (చక్రాల ముందు అంచులు కాస్త లోపలికి చూడడం) 1/16 నుంచి 1/8 అంగుళం చాలు.

వెనక గురించి ఎక్కువ చెప్పను. 350 ఇంజిను వెనక్కి 3 డిగ్రీలు వాలితే వెనక యాక్సిల్‌లోని పినియన్ గేరు 3 డిగ్రీలు పైకి చూడాలి, బరువు పడ్డ ఎత్తులో కొలిచి. కాయిలోవర్‌ని (చుట్టూ స్ప్రింగు ఉన్న షాక్) ఒరగబెడితే స్ప్రింగు బలం ఆ కోణం కొసైన్ వర్గంతో తగ్గుతుంది: 15 డిగ్రీలకి 93 శాతం, 30 డిగ్రీలకి 75 శాతమే.

హైదరాబాద్_చదువరి
ఇదంతా చదువుతుంటే ఆశ పుడుతోంది అన్నా. మన దగ్గర పాత జీపుకో, అంబాసిడర్‌కో ఇట్లా ఫ్రేమ్ కట్టి రోడ్డెక్కించొచ్చా?

డ్యూస్32
రోడ్డు మీదికి కుదరదు తమ్ముడూ. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు వివరాలకి తేడాగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది.

అమెరికాలో కూడా కాగితాలు ముందు చూసుకోవాలి. మోడల్ ఎ నంబరు ఇంజిన్ మీదా, ఎడమ రెయిల్ పైముఖాన బాడీ కప్పేసే చోటా గుద్ది ఉంటుంది. పాత రెయిల్ పారేసి ఆ నంబరు కొత్త రెయిల్ మీద గుద్దితే అది నేరం. కొత్త ఫ్రేమ్ అయితే అసెంబుల్డ్ వెహికల్‌గా టైటిల్ (యాజమాన్య పత్రం) ఎలా ఇస్తారో ఇనుము కోయకముందే కౌంటీలో కనుక్కోండి. కాలిఫోర్నియా వాళ్ళకి, ఇంట్లో కట్టిన బండ్లకి పొగ పరీక్షలో సడలింపు ఇచ్చే ఎస్‌బీ 100 చట్టం కింద ఏడాదికి 500 బండ్లకే అవకాశం.

కొత్త_బిల్డర్
2×4, 3/16 తీసుకుంటున్నా. మధ్యలో నిచ్చెనలా రెండు అడ్డ కడ్డీలు చాలా?

లెక్కల_మాస్టారు
చాలవు. నిచ్చెన మెలికకి లొంగుతుంది. ఫోర్డే 1932లో మధ్యన కె ఆకారం, 1933లో ఎక్స్ ఆకారం పెట్టింది. ఒకటిముప్పావు అంగుళాల డీవోఎం (అచ్చులోంచి లాగి చేసిన) ట్యూబు, 0.120 అంగుళం గోడ, ట్రాన్స్‌మిషన్ చుట్టూ ఎక్స్‌లా కట్టండి. గేర్‌బాక్సు కిందికి దింపడానికి మధ్య ముక్క బోల్టులతో ఊడేలా ఉంచండి.

డ్యూస్32
ట్యూబ్ యాక్సిల్ గురించి ఒక మెట్టు దిగుతా. బుష్‌లు మింగుతాయన్న నా మాట ఊహగా మిగలక్కర్లేదు, కొలవొచ్చు. బ్రాకెట్లు టాకాల మీదే ఉండగా కమాన్ కట్టలో పెద్ద పట్టీ ఒక్కటే ఉంచి, ఫ్రేమ్‌ని స్టాండ్ల మీద కట్టెయ్యండి. కింద మనిషి ఉండకూడదు. రెండు కింగ్‌పిన్ బాస్‌ల మీదా, రెండు హెయిర్‌పిన్ల మీదా డిజిటల్ కోణమానిని పెట్టి సున్నా చెయ్యండి. ఎడమ చక్రం కింద జాకీ పెట్టి 2 అంగుళాలు లేపండి.

ఓరుగల్లు_వెల్డర్
మంచి మాట అన్నా. కింగ్‌పిన్ల మధ్య తేడా ఏమీ రాలేదు, రాడ్ల మధ్య మూడు డిగ్రీలు వచ్చిందంటే, ఆ మూడు డిగ్రీలు బుష్‌లు, బ్రాకెట్లే మోస్తున్నయి. అప్పుడు టాకాలు చూడు తమ్మీ, ఏ టాకా తెగిందో అక్కడే రేపు పగులు. టాకా కోసి ఫోర్-బార్ బ్రాకెట్ పెట్టుడు పది నిమిషాల పని, నిండ వెల్డు చేసినంక కోసుడు రెండు రోజుల పని.

కొత్త_బిల్డర్
ఫోర్జ్‌డ్ ఐ-బీమ్, హెయిర్‌పిన్లు అనుకుంటున్నా ఇప్పుడు. అయినా ఈ పరీక్ష దానిమీద కూడా చేసి, నాలుగు కోణాలూ ఇక్కడే రాస్తాను.