సొంత క్యూతో స్నూకర్ పార్లర్‌కు వెళ్లవచ్చా?

నేను హైదరాబాద్‌లో ఉంటాను. సెలవు రోజుల్లో మా ఇంటి దగ్గరి పార్లర్‌లో స్నూకర్, పూల్ రెండూ ఆడతాను. అక్కడి క్యూలు (బంతిని కొట్టే కర్రలు) చాలావరకు వంగిపోయాయి, కొనల మీది తోలు అరిగిపోయింది. గురి సరిగ్గా కుదిరినా బంతి పక్కకు జారిపోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే సొంతంగా ఒకటి కొనాలని గట్టిగా అనుకుంటున్నాను.

ఎటూ తేలనిది ఇక్కడే. స్నూకర్ బంతి వ్యాసం 52.5 మి.మీ., పూల్ బంతిది సుమారు 57 మి.మీ.; బరువూ ఎక్కువే. స్నూకర్ క్యూ కొన 9 నుంచి 10 మి.మీ. ఉంటే, పూల్ క్యూకు 12, 13 వరకూ ఉంటుంది. సన్నని కొనతో పూల్ ఆడితే, ముఖ్యంగా బ్రేక్ (ఆట మొదట్లో బంతుల గుంపును చెదరగొట్టే దెబ్బ) కొట్టేటప్పుడు, దెబ్బతింటుందా? రెండు ఆటలకూ ఒకే క్యూ వాడుతున్నవారు దయచేసి చెప్పండి. నా మనసు స్నూకర్ మీదే కాబట్టి యాష్ అనే చెట్టు కర్రతో చేసిన, రెండుగా విడదీయగల క్యూ వైపు మొగ్గుతున్నాను.

సొంత క్యూ తెస్తే మీ పార్లర్లలో అభ్యంతరం చెబుతారా? క్యూ కొనకు రాసే సుద్ద కూడా మనదే వాడనిస్తారా? (వేరే రంగు సుద్ద బల్ల మీది గుడ్డకు మరకలు వేస్తుందని యజమానులు భయపడితే అది న్యాయమే.) ఆఫీసు నుంచి నేరుగా ఆటకు వెళ్లేవారు పగలంతా క్యూను ఎక్కడ ఉంచుతారు? ఎండలో నిలిపిన కారులో పెట్టడానికి నాకు ధైర్యం చాలడం లేదు.