మానని కార్నియా పుండుకు సీరం చుక్కలు: తయారీ ఎలా?

ప్రశ్న: హెర్పిస్ (వైరస్ ఇన్ఫెక్షన్) తర్వాత కార్నియాలో (కంటి ముందుండే పారదర్శక పొరలో) స్పర్శ తగ్గిన రోగి. రెండు వారాలైనా పైపొర మూసుకోలేదు. రోగి సొంత సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) చుక్కలు ఎలా చేయాలి? సీరం 20 శాతమే ఎందుకు?

జవాబు 1: రక్తాన్ని యాంటీకోయాగ్యులెంట్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే పదార్థం) లేని ట్యూబులో తీసి 2 గంటలు గది ఉష్ణోగ్రతలో గడ్డకట్టనివ్వండి. తొందరపడితే ప్లేట్‌లెట్ల నుంచి గ్రోత్ ఫ్యాక్టర్లు (కణాల పెరుగుదలను నడిపే ప్రొటీన్లు) సరిగా విడుదల కావు. 3000 జి (గురుత్వ బలానికి 3000 రెట్లు) వద్ద 15 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి, ఒక వంతు సీరానికి నాలుగు వంతులు స్టెరైల్ సెలైన్ కలపండి; అదే 20 శాతం. అంతా లామినార్ ఫ్లో (వడకట్టిన శుభ్రమైన గాలి ప్రవాహం) కిందే.

జవాబు 2: సీరంలో టీజీఎఫ్-బీటా అనే గ్రోత్ ఫ్యాక్టర్ కన్నీటిలో కంటే ఎక్కువ. అది పైపొర కణాల విభజనను అణిచి, మచ్చకు దారితీస్తుంది. పలచన చేసేది అందుకే.

జవాబు 3: ముందు ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకోండి, బెంజాల్కోనియం (ఒక ప్రిజర్వేటివ్) ఉన్న చుక్కలు ఆపండి. సీరంలో ప్రిజర్వేటివ్ ఉండదు కాబట్టి తెరిచిన సీసా ఫ్రిజ్‌లో, మిగతావి మైనస్ 20 డిగ్రీల్లో. నరం దెబ్బతిన్న కంటికి అసలు మందు సెనెజెర్మిన్ (నరాల పెరుగుదలకు తోడ్పడే ప్రొటీన్ చుక్కలు): రోజుకు 6 సార్లు, 8 వారాలు. ఖరీదే అడ్డు.